అసెంబుల్డ్ పీసీలో ఏ లినక్స్ వేయాలి: మింటా, ఫెడోరానా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. అప్పట్నుంచి తెలిసినవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: "మన సిస్టమ్‌కి 11 పడట్లేదు. మింట్ వేయమంటావా, ఫెడోరానా?" రెండూ విండోస్ బదులు వేసుకునే ఉచిత లినక్స్ రకాలే (డిస్ట్రోలు). వీటిలో చాలావరకు ఏడెనిమిదేళ్ల కిందట సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో షాపు షాపూ తిరిగి, ఒకచోట బోర్డు, ఇంకోచోట ర్యామ్ కొని బిగించుకున్నవే. ఐ5-7400కి ఏ రోగమూ లేదు, విండోస్ 11 జాబితాలో దాని పేరు లేదంతే.

ర్యామ్ ఎంతని నేను అడగను. గ్రాఫిక్స్ కార్డు ఏది, నెట్ దేనితో వస్తోంది అని అడుగుతాను. బ్రాండెడ్ లాప్‌టాప్ అయితే అదే మోడల్ వేలమంది దగ్గర ఉంటుంది, ఎవరో ఒకరు ముందే లినక్స్ వేసి చూసుంటారు. ఈ బోర్డు, ఈ కార్డు, ఈ వైఫై డాంగిల్ కలిసిన డబ్బా మాత్రం ప్రపంచంలో మనదొక్కటే కావచ్చు. అందుకే డెస్క్‌టాప్ అందం, సాఫ్ట్‌వేర్ స్టోర్ లాంటివి నేను పెద్దగా పట్టించుకోను. కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే లినక్స్ గుండెకాయ, ఎంత తరచుగా మారుతుందన్నదే చూస్తాను.

ఏఎండీ కార్డులు, ఇంటెల్ గ్రాఫిక్స్, బోర్డు మీది లాన్ పోర్టు: వీటి డ్రైవర్లు దాదాపు ఎప్పుడూ కెర్నల్‌లోనే ఉంటాయి, మనం చేసేదేమీ లేదు. ఎన్విడియా సొంత డ్రైవర్, కొన్ని చవక డాంగిళ్ల డ్రైవర్లు బయటివి. కెర్నల్ మారినప్పుడల్లా వాటిని దానికి తగ్గట్టు మళ్లీ తయారుచేయాలి.

ఫెడోరా ఆరు నెలలకో వెర్షన్ ఇస్తుంది, ఒక్కోదానికి సుమారు 13 నెలల సపోర్ట్. వెర్షన్ మధ్యలో కూడా కెర్నల్ కొత్త వరుసకి జరిగిపోతుంటుంది. ఎన్విడియా డ్రైవర్‌ను ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి సాఫ్ట్‌వేర్ భాండారం నుంచి వేసుకోవాలి. కెర్నల్ అప్‌డేట్ అయ్యాక వెంటనే రీస్టార్ట్ కొట్టకుండా ఐదు నిమిషాలు ఆగాలి, వెనకాల కొత్త కెర్నల్‌కి డ్రైవర్ తయారవుతుంటుంది. మింట్ 22 అయితే ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా సపోర్ట్ ఉంది. డ్రైవర్ మేనేజర్ తెరిచి, ఒక టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే ఎన్విడియా పని అయిపోతుంది.

మా పిన్నికొడుకు సిస్టమ్ ఆ ఐ5-7400నే, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. మోజుకొద్దీ ముందు ఫెడోరా వేశాను. వాడి గదికి లాన్ వైరు లేదు, నెట్ అంతా ఊరూపేరూ లేని ఒక డాంగిల్ మీదే. దాని డ్రైవర్ కెర్నల్‌లో లేకపోతే, ఎవరో నెట్‌లో పెట్టిన సోర్స్ కోడ్ తెచ్చి నేనే కంపైల్ చేశాను, అంటే డ్రైవర్‌గా తయారుచేశాను. మూడు వారాలు బాగానే నడిచింది. ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్: "అన్నా, అప్‌డేట్ కొట్టాను, వైఫై గుర్తే మాయమైంది." కొత్త కెర్నల్‌కి ఆ సోర్స్ కంపైల్ అవ్వలేదు. సరిచేయాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి! చివరికి ఫోన్‌కి కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయమంటే వెంటనే వచ్చింది. తర్వాత రీస్టార్ట్ చేసి, స్క్రీన్ వెలగగానే ఎస్కేప్ నొక్కి, మెనూలో పాత కెర్నల్ ఎంచుకోమన్నాను. తప్పు ఫెడోరాది కాదు, ఆ డ్రైవర్ ఎక్కించింది నేను. కానీ నెలకోసారి ఆ పని పెట్టుకునే ఓపిక నాకు లేదు, వాడికి అసలే లేదు. ఇప్పుడు అందులో మింట్ ఉంది.

మింట్‌లోనూ ఒక చిన్న మెలిక ఉంది. 22.2 ఐఎస్‌ఓతో (ఇన్‌స్టాల్ ఫైల్) వేస్తే వచ్చేది 6.14 కెర్నల్, ఆ వరుస అప్పుడప్పుడూ ముందుకు జరుగుతుంది. పాత పార్టులున్నవాళ్లు అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూకెళ్లి 6.8 వేసుకుని, కొత్తది తీసేయండి. సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, వరుస మాత్రం మారదు. 1050 టీఐ లాంటి పాస్కల్ తరం కార్డులకి ఎన్విడియా 580 వరుస తర్వాతి డ్రైవర్లు పనిచేయవు. ముందుకు పరిగెత్తే డిస్ట్రోలో ఆ కార్డును పాత డ్రైవర్ దగ్గర ఆపి ఉంచే పని మన నెత్తిన పడుతుంది.

పార్టులు కొత్తవైతే లెక్క తిరగబడుతుంది. ఆర్‌ఎక్స్ 9070 వచ్చింది 2025 మార్చిలో, 6.8 కెర్నల్ వచ్చింది 2024లో. పుట్టని కార్డు సంగతి దానికెలా తెలుస్తుంది? కొత్త రైజెన్, కొత్త ఏఎండీ కార్డు, లాన్ వైరు ఉంటే కళ్లు మూసుకుని ఫెడోరా వేయండి. నా సొంత సిస్టమ్‌లో ఉన్నది అదే.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. హ్యాకింటాష్ (మామూలు పీసీలో మ్యాక్ ఓఎస్ వేయడం) మోజు ఇక వదిలేయండి. ఇంటెల్ మ్యాక్‌లకి మ్యాక్ ఓఎస్ 26 ఆఖరిదని యాపిల్ చెప్పేసింది, అసలు లైసెన్సే యాపిల్ మెషీన్లకి తప్ప ఒప్పుకోదు. లినక్స్ కాని మరో ఉచిత ఓఎస్ ఫ్రీబీఎస్‌డీ సర్వర్‌కి బాగుంటుంది. హైకూ అనే ఇంకో చిన్న ఓఎస్‌ని సరదాకి పెన్‌డ్రైవ్‌లో చూడండి.

పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో బతికే డీటీపీ వాళ్లు, ట్యాలీ వాళ్లు, వాలరెంట్ ఆడే పిల్లలు విండోస్‌లోనే ఉండండి. మిగిలినవాళ్లు డిస్క్ చెరిపే ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండానే) బూట్ చేసి, మీ డాంగిల్‌తోనే ఒక వీడియో పెట్టి చూడండి. వైఫై గుర్తు అక్కడే కనిపించకపోతే, ఇన్‌స్టాల్ నొక్కకుండా ముందు డాంగిల్ మార్చండి.