పాత పోర్షే 944 కొంటున్నారా? ఆయిల్ ప్రెజర్ ముల్లును చూసి డబ్బు ఇవ్వకండి

డల్లాస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళలో పాత స్పోర్ట్స్ కార్ల మీద మోజు ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో 1980ల నాటి పోర్షే 944 కోసం వెతుకుతున్నవాళ్ళు ముందు ఇది చదవండి. "ఆయిల్ ప్రెజర్ సమస్య ఉండేది, రిపేర్ చేయించాను, రిసీట్లు ఉన్నాయి" అని అమ్మేవాడు చెబితే అక్కడే ఆగండి. నాకు అమ్మిన కారులో ఇంజన్ జోలికి ఎవరూ పోలేదు. గేజ్‌కి వెళ్ళే వైరుకు ఒక చిన్న ముక్క తగిలించి ముల్లును పైకి లేపారు.

కారు ఒక ప్రైవేట్ వ్యక్తి దగ్గర కొన్నాను. టర్బో లేని 2.5 లీటర్ల మోడల్. కొత్త ఆయిల్ పంప్, ప్రెజర్‌ని గేజ్‌కి తెలిపే కొత్త సెండర్ వేశామని ప్రకటనలో ఉంది. ఆయన ఇచ్చిన ఇన్‌స్పెక్షన్ కాగితం మీద కూడా ఆయిల్ ప్రెజర్ బాగుందని రాసి ఉంది. టెస్ట్ డ్రైవ్‌లో ఇంజన్ బాగా వేడెక్కాక కూడా ఐడిలింగ్‌లో ముల్లు 3 బార్ (ప్రెజర్ కొలత) దగ్గర నిలబడింది. దాదాపు 40 ఏళ్ళ ఇంజన్‌కి అది చాలా మంచి రీడింగ్. ధర కూడా దానికి తగ్గట్టే అడిగాడు.

కొన్ని వారాలకే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా కింద నుంచి టకటక మొదలైంది. ముల్లు మాత్రం చెక్కుచెదరలేదు. పాత పోర్షేలు మాత్రమే చూసే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన సెండర్ దగ్గర టీ జాయింట్ పెట్టి వైర్లతో పని లేకుండా ప్రెజర్‌ని నేరుగా చూపే మెకానికల్ గేజ్ బిగించి, ఆయిల్ పూర్తిగా వేడెక్కేదాకా ఇంజన్ నడిపాడు. డ్యాష్‌బోర్డులో 3 చూపిస్తుంటే, మెకానికల్ గేజ్‌లో 1 బార్ కూడా లేదు. వైరు వెంట వెతుక్కుంటూ వెళ్తే నల్లటి ష్రింక్ ట్యూబ్ కింద ఆ చిన్న ముక్క దొరికింది, కరెంటుకు అడ్డుపడే రెసిస్టర్.

అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీరు కారు దగ్గర నిలబడి క్షణంలో పట్టుకోగలరు. ఈ కార్లలో ఉండే వీడీవో కంపెనీ సెండర్ రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) ప్రెజర్ లేనప్పుడు సుమారు 10 ఓమ్‌లు, 5 బార్ దగ్గర సుమారు 180 ఓమ్‌లు ఉంటుంది. అంటే వైరులో రెసిస్టెన్స్ పెరిగితే ముల్లు పైకి పోతుంది. వైరు ఊడిపోతే ముల్లు ఏకంగా 5కి పోయి కూర్చుంటుంది. మధ్యలో చిన్న రెసిస్టర్ పెడితే అన్ని రీడింగులూ పైకి జరుగుతాయి, కదలికలు మాత్రం సహజంగానే ఉంటాయి. రేజ్ చేస్తే ముల్లు లేస్తుంది, వదిలితే దిగుతుంది. చూసేవాళ్ళకు అనుమానం రాదు.

కానీ ఒక చోట ఈ మోసం దాగదు. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ముల్లును చూడండి. ఇంజన్ తిరగనప్పుడు ప్రెజర్ ఉండదు కాబట్టి ముల్లు సున్నా మీదే ఉండాలి. నా కారులో అది 2 దగ్గర నిలబడేది! అమ్మేవాడు కారును ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఈ పరీక్ష గుర్తుకు రాకపోవచ్చు, అప్పుడు ఇంజన్ ఆపించి మళ్ళీ తాళం తిప్పి చూడాలి. అందుకే "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పండి. ఒప్పుకోకపోతే వెళ్ళకండి. తాళం తిప్పగానే ఆయిల్ ప్రెజర్ హెచ్చరిక లైటు కూడా వెలగాలి, వెలగకపోతే బల్బు పోయి ఉండవచ్చు, లేదా ఎవరో తీసేసి ఉండవచ్చు. ఆ లైటు సెండర్‌లోని వేరే టెర్మినల్ మీద పనిచేస్తుంది, ప్రెజర్ దాదాపు పూర్తిగా పడిపోతే తప్ప వెలగదు. కాబట్టి నడిచేటప్పుడు లైటు రాలేదంటే ఇంజన్ బాగున్నట్టు కాదు.

ఇక ఇంజన్ లోపలి సంగతి. 944లో ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి (ఆయిల్ పాన్) దింపాలంటే ఇంజన్‌ని పై నుంచి వేలాడదీసి, కింద అడ్డంగా ఉన్న దూలం (క్రాస్‌మెంబర్) తీయాలి. గంటల పని, అందుకే చాలామంది ఆ పని చేయకుండానే "రిపేర్" అంటారు. మాది దింపి చూస్తే రెండో నంబర్ కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కడ్డీ) బేరింగ్ షెల్, అంటే పలచటి లోహపు తొడుగు మీద పూత పూర్తిగా అరిగిపోయి రాగి రంగు బయటపడింది. ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్ మీద గీతలు పడ్డాయి. ఈ ఇంజన్‌లో రెండో రాడ్ బేరింగ్ ముందుగా పోతుందన్నది 944 తెలిసిన మెకానిక్‌లు ఎవరైనా చెప్పే మాట. వేగంగా పొడవాటి మలుపులు తిప్పేటప్పుడు ఆయిల్ పాన్‌లో ఒక పక్కకు పోయి, ఆ బేరింగ్‌కి సరిగ్గా అందదు. దానికి తోడు పాన్‌లోంచి ఆయిల్ పీల్చే పికప్ ట్యూబ్ పగిలితే పంప్ ఆయిల్‌తో పాటు గాలి కూడా పీల్చుకుంటుంది.

పంప్ ఆయిల్‌ని తోస్తుంది, అంతే. ఆ ఆయిల్ బేరింగుల సన్నని ఖాళీల్లోంచి కష్టంగా దూరుతుంది కాబట్టి ప్రెజర్ వస్తుంది. బేరింగులు అరిగి ఖాళీ పెరిగితే ఆయిల్ తేలిగ్గా జారిపోతుంది, ప్రెజర్ పడిపోతుంది. వేడెక్కి ఆయిల్ పలచబడినప్పుడు, అదీ ఐడిలింగ్‌లో, ఇది బాగా బయటపడుతుంది. చల్లటి ఇంజన్‌లో 4, 5 బార్ వచ్చిందని మురిసిపోకండి, అరిగిన ఇంజన్ కూడా చల్లగా ఉన్నప్పుడు అంత చూపిస్తుంది. నీళ్ళ టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, కనీసం అరగంట నడపాలి. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న 944 సాధారణంగా ఐడిలింగ్‌లో 2 బార్‌కి పైనే ఉంటుంది, రేజ్ చేస్తే 4 దాటుతుంది. అదీ నిజమైన గేజ్‌లో.

"కొత్త పంప్ వేశాం" అన్న మాటను పరీక్షించే దారి ఒకటి ఉంది. ఈ ఇంజన్‌లో ఆయిల్ పంప్ క్రాంక్‌షాఫ్ట్ ముందు భాగంలో, టైమింగ్ బెల్ట్ పళ్ళ చక్రాల వెనక ఉంటుంది. బెల్టులు విప్పకుండా పంప్ మార్చడం కుదరదు. కాబట్టి ఆ బిల్లులో టైమింగ్ బెల్ట్, బ్యాలెన్స్ షాఫ్ట్ బెల్ట్ పని కూడా కనిపించాలి. నాకిచ్చిన రిసీట్ పంప్ కొన్నందుకు మాత్రమే ఉంది, బిగించినందుకు ఏ షెడ్ బిల్లూ లేదు. బెల్టులు చూస్తే పగుళ్ళు వచ్చిన పాతవే. 944లో బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి అవి వంగిపోతాయి, కాబట్టి ఆ కారును అలా రోడ్డు మీదికి పంపడం ఇంకో అన్యాయం.

నా కారులో ఇంకో పని కూడా చేశారు. ఆయిల్‌లో చిక్కదనం పెంచే మందు పోశారు. టెక్సస్ ఎండలకు చాలామంది పాత పోర్షేల్లో 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ వాడతారు, దాంట్లో తప్పేమీ లేదు. కానీ డ్రెయిన్ చేసినప్పుడు మా కారు ఆయిల్ ముదురు బెల్లం పాకంలా తీగ సాగింది. డిప్‌స్టిక్ తీసి రెండు వేళ్ళ మధ్య రాసి చూడండి, తేడా తెలుస్తుంది. వీలైతే కొద్దిగా ఆయిల్ తీసి ల్యాబ్‌కి పంపండి. సీసం, రాగి, తగరం ఎక్కువగా ఉన్నాయంటే బేరింగులు అరుగుతున్నట్టు. ఆయిల్ ఫిల్టర్‌ని కోసి మడతలు విప్పి చూసినా మెరిసే రజను కనబడుతుంది. మా ఫిల్టర్‌లో కనబడింది.

ప్రెజర్ తగ్గిందంటే ప్రతిసారీ బేరింగులే పోయాయని కూడా అనుకోకండి. సెండర్ చెడిపోవడం ఈ కార్లలో మామూలే. ఫిల్టర్ హౌసింగ్‌లో ఉన్న, ఎక్కువైన ప్రెజర్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోవచ్చు, అది శుభ్రం చేస్తే లేదా మారిస్తే సరిపోతుంది. ఆ హౌసింగ్‌లోనే టర్బో లేని కార్లకు ఆయిల్ కూలర్ ఉంటుంది. దాని సీల్స్ పోతే ఆయిల్, కూలెంట్ కలిసిపోయి ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో గోధుమరంగు ముద్ద పేరుకుంటుంది. ఆ కూలెంట్ బేరింగుల్లోకి వెళ్తే ఖర్చు ఎక్కడికో పోతుంది. నిజాయితీ ఉన్న మెకానిక్ మెకానికల్ గేజ్‌తో మొదలుపెట్టి, వాల్వ్ చూసి, అప్పటికీ తేలకపోతే పాన్ దింపుతాడు, బేరింగ్ ఖాళీని ప్లాస్టిగేజ్‌తో (నొక్కితే పరుచుకునే సన్నని ప్లాస్టిక్ తీగతో) కొలిచి అంకె చెబుతాడు. తీసిన పాత షెల్స్ మీ చేతిలో పెడతాడు. అవి అడిగినా ఇవ్వనివాడికి డబ్బు ఇవ్వకండి.

ఇన్‌స్పెక్షన్ కూడా అమ్మేవాడు చెప్పిన షెడ్‌లో వద్దు. మీరు ఎంచుకున్న చోట చేయించండి, "మెకానికల్ గేజ్ బిగించి వేడి మీద చూస్తారా?" అని అడిగాకే ఒప్పుకోండి. నాకు చూపించిన ఆ కాగితం రాసినవాళ్ళకు ఫోన్ చేస్తే డ్యాష్‌బోర్డు చూసి రాశామన్నారు.

అమ్మినవాడి దగ్గరికి వెళ్తే "యాజ్ ఈజ్ (ఉన్నది ఉన్నట్టుగా) అమ్మాను, సంతకం పెట్టావు" అన్నాడు. ప్రైవేట్ అమ్మకంలో వారంటీ లేదన్నది నిజమే. కానీ తెలిసి తెలిసి అబద్ధం చెప్పి అమ్మినదాన్ని ఆ రెండు మాటలు కప్పేయవు. చిన్న దావాలు చూసే టెక్సస్ జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల వరకు దావా వేయవచ్చు, లాయర్ లేకుండా కూడా. నేను ఆ పనిలోనే ఉన్నాను. అందుకే ప్రకటన స్క్రీన్‌షాట్, మెసేజ్‌లు, మెకానిక్ రాసిచ్చిన రిపోర్ట్, రెసిస్టర్ వైరుకు ఉండగానే తీసిన ఫోటో అన్నీ దాచుకున్నాను. మీరు కొనే రోజునే ప్రకటనను సేవ్ చేసుకోండి, అమ్మకం కాగానే అది మాయమవుతుంది. "పంప్ మార్చారు కదా?" లాంటి ప్రశ్నలు ఫోన్లో కాకుండా మెసేజ్‌లో అడగండి, జవాబు రాతలో ఉంటుంది.

ఇప్పటికే కొన్నవాళ్ళు ఈ రోజే తాళం తిప్పి ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడండి. లేకపోయినా, టకటక వినిపిస్తున్నా, షెడ్ దాకా నడిపించుకుని వెళ్దామని అనుకోకండి, టో ట్రక్ పిలవండి. అరిగిన షెల్స్ మార్చడం భరించగలిగే ఖర్చు. రాడ్ విరిగి బ్లాక్‌కి కన్నం పడితే ఆ అల్యూమినియం బ్లాక్ ఇక పనికిరాదు.