నల్సారా, ఉస్మానియానా?

మా అక్క కూతురికి లా చదవడానికి రెండు చోట్ల సీటొచ్చింది: జాతీయ ప్రవేశ పరీక్ష క్లాట్‌లో నల్సార్ లా యూనివర్సిటీ, రాష్ట్ర పరీక్ష లాసెట్‌లో ఉస్మానియా. రెండు ఫీజు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం.

1998లో మొదలైన నల్సార్ శామీర్‌పేటలో ఉంది. హాస్టల్లో ఉండి చదవాలి, ఖర్చు ఏడాదికి లక్షల్లో. బ్యాంకు లోను దొరుకుతుంది గానీ చదువుతున్న ఐదేళ్లూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. బావ కాగితం వెనక లెక్క వేస్తుంటే అక్క ముఖం చిన్నబోయింది.

ఉస్మానియాలో ఫీజు తక్కువ, అర్హత ఉంటే రీయింబర్స్‌మెంట్, ఇంటి నుంచే బస్సు.

పెద్ద కంపెనీలో చేరాలంటే అప్పైనా సరే, నల్సారే మేలు. కానీ మా అమ్మాయికి సిటీ సివిల్ కోర్టులో వాదించాలని కోరిక. జూనియర్ లాయరుగా మొదట్లో చేతికొచ్చేది దారి ఖర్చులకే సరి, ఇక లోను వాయిదా ఎలా కడుతుంది? నేను ఉస్మానియా అన్నాను. అయినా ముందు నల్సార్‌లో ఆర్థిక సాయం అడగమన్నాను. రాత్రే ఈమెయిల్ పంపింది.