దక్షిణ టెల్ అవీవ్‌లో శనివారపు తెలుగు ఆరాధన: మూడేళ్లుగా వెళ్తున్న ఒక కేర్‌గివర్ సమీక్ష

గోదావరి జిల్లాల నుంచి ఇజ్రాయెల్‌కు కొత్తగా వచ్చిన కేర్‌గివర్లు జీతం, వీసా సంగతులు అయిన వెంటనే అడిగేది తెలుగు చర్చి ఎక్కడుందనే. దక్షిణ టెల్ అవీవ్‌లోని నెవే షానన్ పేట వైపు ఒక పాత భవనం రెండో అంతస్తులో, అద్దె హాలులో జరిగే ఆరాధనకు నేను మూడేళ్లుగా వెళ్తున్నాను. సంఘం పేరు, చిరునామా ఇక్కడ రాయడం లేదు. యుద్ధ సమయంలో మనవాళ్లు గుమికూడే చోటును అందరికీ చాటవద్దని సంఘ పెద్దలు కోరారు; ఇక్కడ పనిచేసే తెలుగువారిలో ఎవరిని అడిగినా చెబుతారు.

ఆదివారం ఈ దేశంలో పనిదినం. మాకు సెలవు దొరికేది షబ్బాత్ నాడే, అంటే యూదుల విశ్రాంతి దినమైన శనివారమే కనుక ఆరాధన కూడా ఆ రోజే. అయితే శుక్రవారం సాయంత్రం నుంచి రైళ్లు, మామూలు బస్సులు ఆగిపోతాయి. టెల్ అవీవ్‌లోనూ, పక్కనున్న కొన్ని పట్టణాలలోనూ 2019 నుంచి వారాంతపు ఉచిత బస్సులు తిరుగుతున్నాయి. దూరం నుంచి వచ్చేవారికి షేరూత్ అనే షేర్ టాక్సీ వ్యాన్లే గతి. అష్కెలోన్ నుంచి వచ్చే సోదరికి రానుపోను ఖర్చే ఆమె వేసే కానుక కన్నా ఎక్కువవుతుంది.

ఆరాధన పదిన్నరకు మొదలవుతుందంటారు కాని పదకొండుకు తక్కువ కాదు. డోలక్, చిన్న కీబోర్డు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పాత పుస్తకాలు ఆరేడు ఉంటాయి. వారమంతా సవ్తాతో, అంటే నేను చూసుకునే అవ్వతో, వచ్చీరాని హీబ్రూలో మాట్లాడి అలసిన నోటికి ఆ కీర్తనలు పాడడంలో ఉన్న సుఖం చెప్పనలవి కాదు. అన్నింటికన్నా నాకు విలువైనది ప్రార్థన మనవుల సమయం. చిట్టీ డబ్బు కట్టలేకపోయిన వారు, ఊళ్లో తండ్రికి డయాలసిస్ జరుగుతున్నవారు, వీసా ముగియవస్తున్నవారు లేచి తమ మాట చెప్పుకుంటారు. వాటిలో సగం ప్రార్థనతో, సగం అక్కడికక్కడే సర్దే చేబదులుతో తీరుతుంటాయి.

సైరన్ మోగినప్పుడు ఏం చేస్తారన్నది ఇక్కడి ఏ చర్చి విషయంలోనైనా ముందుగా అడగవలసిన ప్రశ్న. గాజా వైపు నుంచి రాకెట్ వస్తే టెల్ అవీవ్‌లో దొరికే వ్యవధి 90 సెకన్లు. 1991 గల్ఫ్ యుద్ధం తరువాతి నిబంధనల ప్రకారం కట్టిన ఇళ్లలో మమాద్ అనే గట్టి గది ఉంటుంది గాని, మా హాలు ఉన్నది అంతకన్నా పాత భవనం. మిక్లాత్, అంటే భవనంలోని వారంతా తలదాచుకునే చోటు, నేలమాళిగలో ఉంది. ఇరుకైన మెట్ల మీదుగా అరవై మంది దిగాలి. 2023 అక్టోబరు 7 నాటి హమాస్ దాడి తరువాత సంఘం ఒక పద్ధతి పెట్టింది. వెనుక వరుసలు ముందు దిగాలి, పాదరక్షల కోసం ఎవరూ ఆగకూడదు, మెట్ల దగ్గర ఇద్దరు సోదరులు నిలబడాలి. బయటికి వచ్చాక పాట మళ్లీ ఎత్తుకునే ముందు, ప్రతి ఒక్కరూ ఇంటికి ఒక మెసేజ్ పెట్టాలి. టీవీలో మంటలు చూసి అమలాపురంలో గుండెలు బాదుకునే తల్లులు ఉన్నవారికి ఈ చివరి నియమం ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు.

2025 జూన్ 13న ఇరాన్‌తో యుద్ధం మొదలవగానే సమావేశాలపై నిషేధం వచ్చింది. జూన్ 14, 21 తేదీల ఆరాధనలు జూమ్‌లో జరిగాయి. సైరన్‌కు కొన్ని నిమిషాల ముందే ఫోన్‌కు హెచ్చరిక వచ్చేది. అది రాగానే తెరమీది గడులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యేవి. నేను అవ్వను చక్రాల కుర్చీలో మమాద్‌లోకి నెట్టుకుపోయి, ఫోన్ ఆమె ఒడిలో పెట్టి కీర్తన విన్నాను. పదిమందికి ఒకరు చొప్పున పెద్దలు రోజూ రాత్రి ఫోన్ చేసి, తిన్నారా, పడుకున్నారా అని అడిగారు. ఆ యుద్ధం సాగిన పన్నెండు రోజులలో ఒక్క రాత్రి కూడా నాకు ఆ ఫోన్ రాకుండా పోలేదు.

నచ్చనిది ప్రసంగం. గంటకు తగ్గదు, పైగా అతిథి బోధకులు వచ్చినప్పుడల్లా ప్రతి క్షిపణిని ఒక ప్రవచనానికి ముడిపెడతారు. అంత్యదినాలు దగ్గరపడ్డాయని విని సంబరపడడం, ఈ నేల మీద ఉద్యోగం చేస్తూ పిల్లల ఫీజులు కట్టేవారికి సాధ్యం కాదు. సరిహద్దుకు రెండు వైపులా చనిపోయినవారి కోసం ప్రార్థించమని ఒకసారి మనవి చేస్తే, అయ్యగారు తల ఊపి, మనవాళ్ల క్షేమం కోసం మాత్రమే ప్రార్థించారు. తరువాతి వారం ఒక పెద్దమ్మ తానే లేచి ఆ ప్రార్థన చేసింది, ఎవరూ ఆపలేదు.

భోజనం బాగుంటుంది. పప్పుచారు, కోడికూర, ఎవరైనా ఊరి నుంచి వచ్చిన వారంలో గోంగూర పచ్చడి. తలా ఇరవై షెకెళ్లు వేయాలి, ఇవ్వలేనివారిని ఎవరూ అడగరు.

అయిదు నక్షత్రాలకు నేను నాలుగు ఇస్తాను. పోయిన ఒకటి ప్రసంగానిదే. మోకాళ్ల నొప్పులున్నవారు కింది అంతస్తులో వేసిన కుర్చీలలో కూర్చుని స్పీకరులో వినవచ్చు. తాము చూసుకునే వృద్ధులను వెంట తెచ్చుకోక తప్పనివారూ అక్కడే కూర్చుంటారు. మొదటిసారి వెళ్లేవారు షేరూత్‌కు చిల్లర దగ్గర ఉంచుకుని, పదిన్నరకు కాక కాస్త ముందే చేరి, మిక్లాత్ తలుపు ఎటు ఉందో చూసుకుని ఆ తరువాత కూర్చోవాలి.