బీరు బాగుంది, కెగ్ మార్చాకే తిప్పలు

మొన్న శనివారం మెల్‌బోర్న్ శివార్లలో జరిగిన సంగీత ఉత్సవానికి మా తమ్ముడితో వెళ్లాను. చదువుకునే రోజుల్లో నేనూ ఇలాంటి మొబైల్ బార్లలో పనిచేశాను, అందుకే నా చూపంతా అక్కడ బీరు అమ్ముతున్న ట్రక్కు మీదే.

మొదటి గ్లాసు అద్భుతం. కౌంటర్‌లో అమ్మాయి గ్లాసు వంచి పట్టుకుని, నిండే ముందు నిటారుగా చేసి, పైన రెండు వేళ్ల నురుగుతో ఇచ్చింది. తర్వాత ఎండలో పెట్టిన ఇంకో కెగ్‌ని, అంటే బీరు పీపాని, తెచ్చి నేరుగా బిగించారు. వేడెక్కిన బీరులో గ్యాస్ నిలవదు, కుళాయి తిప్పితే నురుగే. 50 లీటర్ల కెగ్‌కి 425 మిల్లీలీటర్ల గ్లాసులు వందకు పైగా రావాలి. నా కళ్లముందే ఎన్నో గ్లాసులు సింకులో పోశారు, ప్రాణం ఉసూరుమంది. ఇంత జనానికి కెగ్‌లు చల్లగా ఉంచే బండి ఇంకొకటి తెచ్చుకోవాల్సింది. కార్డు మెషిన్ కూడా ఒక్కటే పనిచేసింది. నలభై నిమిషాలు క్యూలోనే.

సిబ్బందికి మాత్రం చేతులెత్తి మొక్కాలి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో మందు పోసేవాళ్లకు ఆర్‌ఎస్‌ఏ, అంటే బాధ్యతగా మద్యం అందించే శిక్షణ తప్పనిసరి. అది ఇక్కడ కనిపించింది. తూలుతున్న ఒకతను ఇంకో బీరు అడిగితే, గొంతు పెంచకుండా వద్దని చెప్పి, నీళ్ల గ్లాసు చేతిలో పెట్టి నీడలో కూర్చోబెట్టారు. అయిదుకి మూడు ఇస్తున్నా, ఆ మూడూ వాళ్లకే.