వాటర్లూలో రెండు రాత్రులు: విక్టర్ హ్యూగో నడిచిన పొలాల్లో

బ్రస్సెల్స్ వెళ్లినవాళ్లు చాలామంది వాటర్లూని ఒక పూటలో చుట్టేస్తారు. పొద్దున బయల్దేరడం, సింహం దిబ్బ (పైన సింహం విగ్రహమున్న యుద్ధ స్మారకం) ఎక్కడం, ఫొటోలు దిగడం, మధ్యాహ్నానికి వెనక్కి రావడం. మేం పట్టుబట్టి రెండు రాత్రులు అక్కడే ఉన్నాం. 1815లో ఇక్కడి యుద్ధంలో ఓడిపోయిన నెపోలియన్ కోసం కాదు, ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో కోసం.

1861 మే నెలలో, 59 ఏళ్ల వయసులో, ప్రవాసంలో ఉన్న హ్యూగో ఈ యుద్ధభూమి అంచున మోన్-సేన్-జాన్ అనే చిన్న ఊరికి వచ్చాడు. ఒక హోటల్లో దిగి దాదాపు రెండు నెలలు ఉండిపోయాడు. రోజూ ఈ పొలాల్లో తిరుగుతూ తన నవల లే మిజరబ్ల్‌లో వాటర్లూ భాగం కోసం వివరాలు పోగుచేసుకున్నాడు. నవలను జూన్ 30న ఇక్కడే ముగించాడు. నాగయ్యగారు నటించిన 1950 నాటి బీదలపాట్లు సినిమాకి మూలం ఆ నవలే. మా నాన్నకి ఆ సినిమా అంటే ప్రాణం. ఆ కథ ఏ గాలిలో పూర్తయిందో చూడాలని నాకు ఎన్నాళ్లనుంచో కోరిక.

ముందుగా ఒక జాగ్రత్త. వాటర్లూ అనే స్టేషన్‌లో దిగకండి. మేం దిగి, బ్యాగులతో వర్షంలో నిలబడ్డాం. యుద్ధం జరిగింది ఆ ఊరికి దక్షిణాన, కొన్ని కిలోమీటర్ల దూరంలో. నెపోలియన్‌ని ఓడించిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ బస చేసింది, గెలిచాక తన నివేదిక పంపింది వాటర్లూ ఊరినుంచి కాబట్టి యుద్ధానికి ఆ పేరు నిలిచిపోయింది. బ్రెన్ లలూ స్టేషన్‌లో దిగితే దగ్గర. సామాను లేకపోతే అక్కడినుంచి నడిచేయొచ్చు.

సింహం దిబ్బకి 226 మెట్లు. నిటారుగా ఉంటాయి, మధ్యలో కూర్చోడానికి వీలుండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఎక్కించొద్దని నా మాట. పైన గాలి బాగుంటుంది, చుట్టూ పొలాలన్నీ కనిపిస్తాయి. కానీ నాకు అక్కడ బాధే కలిగింది. నెదర్లాండ్స్ యువరాజు గాయపడిన చోట గుర్తుగా ఈ దిబ్బ కట్టారు, 1826లో పూర్తయింది. దానికి కావలసిన దాదాపు 3 లక్షల ఘనపు మీటర్ల మట్టిని ఈ యుద్ధభూమినుంచే తవ్వి పోశారు. వెల్లింగ్టన్ తన సైన్యాన్ని దాచుకున్న మెరక చదునైపోయింది. హ్యూగో తన నవలలో ఫ్రెంచి గుర్రాలు కూలినట్టు చూపిన పల్లపు దారి కూడా అలాగే పోయింది. స్మారకం కట్టడానికి అసలు నేలనే చెరిపేశారని ఆయన నవలలోనే వాపోయాడు. పైనుంచి చూస్తే ఆ మాట ఎంత నిజమో అర్థమవుతుంది.

దిబ్బ కిందే గుండ్రటి భవనంలో 1912 నాటి పనోరమా ఉంది. లూయీ దుమూలాన్, ఆయన తోటి చిత్రకారులు వేసిన బొమ్మ: 110 మీటర్ల పొడవు, 12 మీటర్ల ఎత్తు. గది మధ్యలో నిలబడితే ఫ్రెంచి అశ్వదళం మన మీదికే వస్తున్నట్టుంటుంది. భూగర్భంలోని మ్యూజియం కూడా శ్రద్ధగా కట్టారు, రెండు గంటలు పడుతుంది. పిల్లలకి అక్కడి త్రీడీ సినిమా నచ్చుతుంది.

నన్నడిగితే మాత్రం నేరుగా హూగుమోన్ పొలానికి వెళ్లండి. షటిల్ బస్సు ఉంది, అయినా నడవండి, ఇరవై నిమిషాలు. హ్యూగో నవలలో వాటర్లూ భాగం మొదలయ్యేది ఇక్కడే. 1815 జూన్ 18న పొద్దంతా ఈ ప్రహరీ కోసం కొట్టుకున్నారు. తోట గోడలో తుపాకులకోసం పొడిచిన కన్నాలు ఇప్పటికీ ఉన్నాయి. పెద్ద బంగళా కాలిపోయింది, చిన్న ప్రార్థనాలయం మిగిలింది. లోపల చెక్క శిలువ ఉంది. మంట పాదాల దాకా వచ్చి ఆగిపోయిందంటారు. దగ్గరికి వెళ్లి చూశాను. పాదాల దగ్గర చెక్క బొగ్గులా నల్లబడి, నెర్రెలు విచ్చి ఉంది. పైన శరీరమంతా మామూలు రంగే. 2011లో ఈ శిలువని ఎవరో ఎత్తుకెళ్లారు, 2014లో దొరికింది. హ్యూగో చూసింది దీన్నే.

ఇక్కడి బావిలో 300 శవాలు పడేశారని, ఆ రాత్రి లోపలినుంచి సన్నటి గొంతులు వినిపించాయని ఆయన రాశాడు. 1980ల్లో తవ్వి చూస్తే ఒక్క మనిషి ఎముకా దొరకలేదు. ఈ సంగతి తెలిశాక కూడా నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు. సాయంత్రం టూరిస్టులు వెళ్లిపోయాక ఆ ఆవరణ పక్క దారిలో నడిచాం. ఎక్కడో ఆవు అరిచింది, అంతే, మళ్లీ నిశ్శబ్దం. వారాల తరబడి ఇలాంటి సాయంత్రాలు గడిపిన మనిషికి ఆ గొంతులు వినిపించి ఉంటాయి.

బస విషయానికొస్తే, హ్యూగో దిగిన హోటల్ ఇప్పుడు లేదు. ఆయన పేరిట దగ్గర్లోనే ఒక స్తంభం నిలబెట్టారు, రోడ్డు మీద కార్ల హోరు ఎక్కువ. మేం దిగింది ఒక ఇంటి పై అంతస్తులో. గది శుభ్రంగానే ఉంది, కానీ మొదటి రాత్రి హీటర్ పనిచేయలేదు, ఇంటివాళ్లు ఫోన్ ఎత్తలేదు. కోట్లు వేసుకునే పడుకున్నాం. మర్నాడు బాగుచేశారు, డబ్బులు మాత్రం తగ్గించలేదు. ఒక్క రాత్రికే అయితే బ్రస్సెల్స్‌లో దిగడం మేలు. పొద్దు వాలిన పొలాలు చూడాలనుకుంటే మాత్రం ఇక్కడే ఉండండి. శాకాహారులకి ఫ్రైస్, చీజ్ తప్ప పెద్దగా ఏమీ దొరకలేదు. డబ్బాలో పులిహోర తీసుకెళ్లాం, అదే ఆదుకుంది.

రెండో రోజు పొద్దున మా ఆవిడ హూగుమోన్ తోట గోడ ముందు స్కెచ్‌బుక్ తెరిచింది. హ్యూగో రచయితే కాదు, చిత్రకారుడు కూడా. దాదాపు 4,000 బొమ్మలు వేశాడు. సిరాతో పాటు కాఫీ, మసి, ఏది దొరికితే అది వాడేవాడు. ఆ మాట చెప్పగానే తను ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి కుంచె ముంచింది. మొదటి పూత మరీ పలచగా వచ్చింది. మూడుసార్లు వేశాక గోడ ఇటుకల రంగు పట్టింది. కన్నాల దగ్గర పెన్సిల్ గట్టిగా రుద్దింది. ఆరేలోపు చినుకులు మొదలయ్యాయి, ఒక చినుకు గోడ కుడి అంచున పడి మరక పాకింది. "తుడవనా?" అన్నాను. వద్దంది. కాగితం మీద గొడుగు పట్టుకుని అలాగే నిలబడ్డాం, చివరి షటిల్ వెళ్లిపోయేదాకా.