రెండు చక్రాలా, మూడా? మోకాలు మొరాయించాక ఏ బండి మేలు?

బైకు నడుపుతున్నన్నాళ్లూ ఎడమ కాలి మీద ఎంత భారం వేస్తున్నానో నాకు తెలియలేదు. కుడి కాలు వెనక బ్రేకు మీద ఉంటుంది కాబట్టి బండి ఆగిన ప్రతిసారీ నేలకు ఆనేది ఎడమ కాలే. బెంగళూరులో కె.ఆర్.పురం నుంచి ఇందిరానగర్ వెళ్లే దారిలో, టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ఒక్కటి దాటేలోపే ఎన్నిసార్లు ఆగి కదలాలో రోజూ వెళ్లేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నా బుల్లెట్ బరువు 190 కిలోల పైమాటే. నిటారుగా నిలబడి ఉన్నంతసేపూ ఆ బరువు మనకు తెలియదు. కాస్త ఒరిగిందంటే మాత్రం మొత్తం వచ్చి మోకాలి మీద పడుతుంది.

ఎడమ మోకాలికి ఆపరేషన్ అయిన తర్వాతి వానాకాలంలో ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగాను. కాలు పెట్టిన చోట బురద ఉంది. బండి ఒరిగింది, మోకాలు ఆపలేకపోయింది. వేగంగా పోతూ కాదు, ఆగి ఉన్న బండి మీద నుంచి పడ్డాను. దెబ్బలు పెద్దవి కావు. కానీ వెనక సీట్లో మా ఆవిడ ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడు చక్రాల బండికి మారితే ఎలా ఉంటుందని వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

వెతికిన కొద్దీ ఒక సంగతి స్పష్టమైంది. మూడు చక్రాలు ఉన్నంత మాత్రాన కాలికి విశ్రాంతి దొరుకుతుందని కాదు. యమహా 2018లో అమ్మకానికి తెచ్చిన నికెన్‌నే చూడండి. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మలుపులో మామూలు బైకులాగే ఒరుగుతుంది. ముందు రెండు టైర్లు నేలను పట్టుకుంటాయి కాబట్టి తడి రోడ్డు మీద ధైర్యంగా నడపొచ్చు. కానీ ఆగినప్పుడు దాన్ని నిలబెట్టాల్సింది మళ్లీ మన కాలే. పైగా 260 కిలోలకు మించిన బరువు. నా మోకాలికి అది బుల్లెట్ కంటే పెద్ద టెన్షన్. పియాజియో 2006లో తెచ్చిన ఎంపీ3 స్కూటర్ పైకి ఆ వరసలోదే అనిపిస్తుంది గానీ, అందులో ఆగే ముందు ఒరుగుడును బిగించే తాళం ఉంది. మీట నొక్కితే బండి దానంతటదే నిలబడుతుంది, కాళ్లు పైనే పెట్టుకోవచ్చు. చూపుకు అన్నదమ్ముల్లాంటి ఈ రెండు బండ్లలో ఒకటి నా సమస్యను తీరుస్తుంది, ఇంకొకటి తాకనైనా తాకదు.

అసలు ఒరగని రకం కూడా ఉంది. కెన్-యామ్ స్పైడర్ 2007 నుంచీ ఉంది. ముందు రెండు, వెనక ఒకటి. బ్రేకు కుడి కాలి కింద ఒకే పెడల్. వెనక్కి నడిచే గేరు కూడా ఉంది. హార్లే ట్రై గ్లైడ్‌కు ముందు ఒకటి, వెనక రెండు. ఎంపీ3తో పాటు ఇవన్నీ మన వీధుల్లో కనబడటం బహు అరుదు. స్పైడర్ వెడల్పు దాదాపు ఒకటిన్నర మీటర్లు, అంటే ఆటో కంటే ఎక్కువ. కె.ఆర్.పురం సందుల్లో దాన్ని ఎక్కడ నిలపాలో ఊహించి చూశాను, ఆ ఆలోచన అక్కడితో వదిలేశాను.

మిగిలినవి మూడు దారులు: బుల్లెట్‌కు సైడ్ కార్ తగిలించడం, గేర్లు లేని స్కూటర్‌కు వెనక అటూ ఇటూ సైడ్ వీల్స్ పెట్టించడం, లేదా రెండు చక్రాల మీదే ఉంటూ తేలికైన స్కూటర్‌కు మారడం.

సైడ్ కార్ మీద నాకు మమకారం ఉంది. మా చిన్నప్పుడు హిందూపురంలో స్కూటర్ పక్కన తొట్టెలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇంటిల్లిపాదీ తిరిగేవాళ్లు. కానీ అది నడపడం వేరే విద్య. మన దేశంలో తొట్టె ఎడమ పక్కన ఉంటుంది. యాక్సిలరేటర్ ఇస్తే బండి ఎడమకు లాగుతుంది, బ్రేకు వేస్తే కుడికి, అంటే ఎదురుగా వచ్చే వాహనాల వైపు లాగుతుంది. ఎడమ మలుపు వేగంగా తీసుకుంటే ఖాళీ తొట్టె గాల్లోకి లేస్తుంది. వీటన్నిటికీ అలవాటు పడొచ్చు. కానీ క్లచ్ పట్టిన ప్రతిసారీ గేరు మార్చేది ఎడమ పాదమే. నిలబెట్టే శ్రమ తప్పుతుంది గానీ మోకాలు మడిచే శ్రమ తప్పదు. కాళ్లు బాగుండి, భార్యాబిడ్డలతో నెమ్మదిగా ఊళ్లు తిరగాలనుకునేవాళ్లకు సైడ్ కార్ చక్కటి బండి. నాకు కాదు.

ఇక సైడ్ వీల్స్. మా ఊరి వైపు నుంచే వచ్చి హూడిలో ఉంటున్న ఒక తమ్ముడి వరసవాడికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. పదిహేనేళ్లుగా అలాంటి స్కూటరే నడుపుతున్నాడు. ఒక ఆదివారం తెల్లవారుజామున ఖాళీ మైదానానికి తీసుకెళ్లి బండి నా చేతికిచ్చాడు. పాతికేళ్లు బుల్లెట్ నడిపినవాణ్ణి, ఇదెంత అనుకుని ఎక్కాను. మొదటి కుడి మలుపులోనే బండి నేరుగా గోడ వైపు పోయింది.

ఎందుకో తర్వాత అర్థమైంది. రెండు చక్రాల బండి వేగంలో ఉన్నప్పుడు కుడికి మలచాలంటే మనకు తెలియకుండానే కుడి హ్యాండిల్‌ను కొద్దిగా ముందుకు నెడతాం. చక్రం క్షణంపాటు ఎడమకు తిరుగుతుంది, బండి కుడికి ఒరుగుతుంది, ఆ ఒరుగుడుతోనే మలుపు వస్తుంది. ఒరగని బండికి అదే పని చేస్తే చక్రం ఎడమకు తిరిగిపోతుంది, అంతే. నేను ఒళ్లంతా కుడికి వాల్చాను, బండి మాత్రం హ్యాండిల్ చెప్పిన మాటే విన్నది. "అన్నా, నువ్వు వంగితే బండి వంగదు. హ్యాండిల్ తిప్పన్నా, తిప్పే ముందే స్లో చెయ్యి" అన్నాడు మావాడు. పాతికేళ్ల అలవాటు మర్చిపోవడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టం. ఎన్నడూ బైకు ఎక్కనివాళ్లు దీన్ని నాకంటే త్వరగా నేర్చుకుంటారని ఆ రోజే అనిపించింది.

స్లో చెయ్యమనడానికి బలమైన కారణం ఉంది. ముందు ఒకటి, వెనక రెండు చక్రాలున్న బండి మలుపులో ఆటోలాంటిది. మలుపు మధ్యలో బ్రేకు వేస్తే బరువు ముందుకు, అంటే ఆధారం సన్నగా ఉన్న కొసకు పోతుంది. అప్పుడు లోపలి వెనక చక్రం లేస్తుంది. ఆటోలు ఇలా కూడా బోల్తా పడతాయి. ముందు రెండు చక్రాలున్న రకం ఈ విషయంలో మేలు, బ్రేకు వేసినప్పుడు బరువు వెడల్పున్న వైపుకే పోతుంది. కానీ సైడ్ వీల్స్ ముందు పెట్టించుకునే వీలు లేదు.

ఇంకో ఇబ్బంది బెంగళూరు రోడ్ల వల్ల వచ్చేది. ఇంట్లో ముక్కాలిపీట ఎలాంటి గచ్చు మీద వేసినా ఊగదు. నాలుగు కాళ్ల కుర్చీ ఎగుడుదిగుడు నేల మీద ఒక కాలు గాల్లో పెట్టుకుంటుంది. సైడ్ వీల్స్ పెట్టిన స్కూటర్‌ను మూడు చక్రాలదంటాం గానీ నిజానికి దానికి నాలుగు చక్రాలు: ముందుది, అటూ ఇటూ రెండు, మధ్యలో ఇంజిన్ తిప్పే అసలు చక్రం. అటూ ఇటూ ఉన్న చక్రాలు మిట్ట ఎక్కి, మధ్య చక్రం గుంట మీదికి వస్తే అది గాల్లో తేలుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ ఇస్తే చక్రం ఊరికే తిరుగుతుంది, బండి కదలదు. పక్క చక్రాలకు మామూలుగా బ్రేకులు ఉండవు కాబట్టి ఆ క్షణంలో వెనక బ్రేకు కూడా పనిచేయదు. అందుకే పక్క చక్రాలు గట్టి ఇనుప కడ్డీకి బిగించినవి కాకుండా, వేటికవి స్ప్రింగు మీద కదిలేవి ఉండాలి. షాపులో మొదట అడగాల్సింది ఇదే. రంగు, సీటు కవరు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

గుంటలు తప్పించుకోవడమూ కష్టమే. బైకుకు రోడ్డు మీద ఒక్క గీత బాగుంటే చాలు. వాన వెలిశాక మారతహళ్లి సర్వీసు రోడ్డులో రెండు గుంటల మధ్య జానెడు జాగా దొరికితే బైకు దాటిపోతుంది. ఈ బండికి మూడు గీతలు కావాలి. ముందు చక్రాన్ని తప్పిస్తే పక్క చక్రం దిగబడుతుంది. కార్ల మధ్య సందుల్లో దూరిపోవడం కూడా ఇక కుదరదు. బైకు మీద ముప్పావు గంట పట్టే దారికి దీని మీద ఇంకా ఎక్కువ పడుతుంది, అందుకు సిద్ధపడాలి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఈడుస్తున్నట్టు ఉంటుంది, ఎందుకంటే 110 సీసీ ఇంజిన్ ఆ అదనపు ఇనుమును కూడా మోయాలి.

ఇన్ని లోపాలు చెప్పి కూడా నేను దాన్నే ఎంచుకున్నాను. ఆగినప్పుడు పడదు. రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి, గేరు లేదు, కిక్ కొట్టే పని లేదు. ఎడమ మోకాలితో అసలు పనే ఉండదు. నేను పడింది ఆగినప్పుడు కదా.

మీ కష్టం నా కష్టం కాకపోతే ఎంపిక మారుతుంది. కాలు నేలకు గట్టిగా ఆనుతూ, బరువు మాత్రమే మోయలేకపోతున్నవాళ్లు తేలికైన రెండు చక్రాల స్కూటర్‌కు మారితే చాలు. యాక్టివాలాంటివి 110 కిలోల లోపే ఉంటాయి, సీటు బుల్లెట్ కంటే నాలుగు సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. ఆ నాలుగు సెంటీమీటర్లతో వేళ్ల మీద ఆనే కాలు మడమ మీద ఆనుతుంది. మోకాలు ఆపరేషన్ కాకముందే ఈ పని చేసి ఉంటే నాకు మూడో చక్రం అవసరం ఇంకొన్నేళ్లు వాయిదా పడేదేమో. తడి రోడ్డు మీద జారతామన్న భయమే మీ బాధైతే సైడ్ వీల్స్ దాన్ని తీర్చవు, మంచి టైర్లు, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండి చూసుకోండి. కళ్లు తిరగడం, పక్షవాతం లాంటివి వచ్చినవాళ్లు ఏ బండి ఎక్కాలన్నా ముందు డాక్టరును అడగాలి.

కాగితాల పని తేలికగా తీసుకోకండి. సొంతంగా చక్రాలు బిగించుకుని తిరిగితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర చిక్కులొస్తాయి. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 బండి మార్పుల గురించి చెబుతుంది. 2019 సవరణ ఇలాంటి బండికి అడాప్టెడ్ వెహికల్ అనే పేరు పెట్టింది. శారీరక వైకల్యం ఉన్న వ్యక్తి కోసం మార్చినది, ఆ వ్యక్తే వాడేది లేదా ఆ వ్యక్తి కోసమే వాడేది అని దాని అర్థం. కాబట్టి ముందు డాక్టరు సర్టిఫికెట్, ఆర్టీఓ అనుమతి, ఆ తర్వాతే చక్రాలు. ఆర్సీలో మార్పు ఎక్కాలి, లైసెన్సులో కూడా ఆ తరగతి ఉండాలి. ఇంట్లో కాలేజీ పిల్లాడు ఉంటే వాడు దీన్ని సొంత పనికి తీసుకుపోవడం కుదరదని ముందే చెప్పేయండి.

హైవే మీద ఆశ పెట్టుకోవద్దు. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీదికి 2023 ఆగస్టు 1 నుంచి బైకులనూ ఆటోలనూ రానివ్వడం లేదు. మూడో చక్రం ఉన్నా దారి సర్వీసు రోడ్డే. ఊరికి వెళ్లాలంటే ఇప్పుడు నేను బస్సే ఎక్కుతున్నాను. బుల్లెట్‌ను మా తమ్ముడు హిందూపురం తీసుకెళ్లాడు. ఆ రోజు వాడు వీధి చివర తిరిగేదాకా నిలబడి ఆ శబ్దం విన్నాను.

నాకు కలిసొచ్చింది మెట్రో. 2023 అక్టోబరులో పర్పుల్ లైన్ పూర్తిగా కలిశాక కె.ఆర్.పురం నుంచి ఇందిరానగర్ నేరుగా రైల్లోనే వెళ్తున్నాను. స్కూటర్ ఇంటి నుంచి స్టేషన్ దాకా, సాయంత్రం కూరగాయలకు, ఆదివారాలు మా ఆవిడతో గుడికి. ఆ కొద్ది దూరానికి దాని నెమ్మదితనం నాకు అడ్డం కాలేదు.

రోడ్డెక్కే ముందు ఎనిమిది ఆదివారాలు మైదానంలో తిప్పాను. మలుపులు ఇప్పుడు బాగానే వచ్చాయి. ఒక్క అలవాటు మాత్రం ఇంకా పోలేదు. సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే ఎడమ కాలు దానంతటదే కిందికి దిగుతుంది. ఈ బండి మీద అది ప్రమాదం, బండి ఇంకా కదులుతూ ఉంటే వెనక నుంచి వచ్చే పక్క చక్రం పాదం మీదికి ఎక్కుతుంది. మా ఆవిడ వెనక నుంచి భుజం తట్టి "కాలు" అంటుంది. పైకి తీసుకుంటాను.