బీఆర్క్ పిల్లకి ల్యాప్‌టాప్: మాక్‌బుక్ వద్దని లెనోవో ఎల్‌ఓక్యూ ఎందుకు తీసుకున్నామంటే

నేను ఖమ్మంలో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. ఆటోక్యాడ్ మీదే నా బతుకు. అందుకే మా అక్క కూతురు హైదరాబాద్‌లో బీఆర్క్‌లో, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీలో, చేరగానే ల్యాప్‌టాప్ బాధ్యత నా నెత్తిన పడింది. చేరిన వారంలోనే బావ డబ్బులు సిద్ధం చేశాడు. నేనే ఆపాను. మొదటి ఏడాదంతా డ్రాయింగ్ బోర్డు, టీ స్క్వేర్, ఏ1 షీట్లు, కట్టరూ ఫెవికాలూ. ఆ ఏడాది ల్యాప్‌టాప్ కొంటే సినిమాలకి తప్ప దేనికీ పనికిరాదు, వారంటీ మాత్రం కరిగిపోతుంది. పైగా అయిదేళ్ల కోర్సు. అసలు బరువు పడేది చివర్లో, థీసిస్ అప్పుడు. అప్పటికి మిషన్ ముసలిదై ఉంటుంది. ఏడాది ఆగితే ఏం పోదు, అవసరమైతే నా పాత ల్యాప్‌టాప్ వాడుకోమన్నాను.

రెండో ఏడాది మొదలయ్యే ముందు సీనియర్లని అడిగి, ఏ సాఫ్ట్‌వేర్లు వాడతారో కాగితం మీద రాసి పంపమన్నాను. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్, త్రీడీ మోడళ్లు చేసే స్కెచప్, రెవిట్, షీట్లు దిద్దే ఫొటోషాప్, ఇన్‌డిజైన్, మోడల్‌ని ఫొటోలా మార్చే (దాన్నే రెండర్ అంటారు) లూమియన్. ఆ కాగితమే సగం ఎంపిక చేసేసింది.

"మామయ్యా, మాక్‌బుక్ ఎయిర్ అయితే కిలోంపావే బరువు" అంది. నిజమే, చేతిలోకి తీసుకుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. బొమ్మలు, లోగోలు, ఫిగ్మా పని అయితే నేనూ అదే కొనేవాణ్ణి. కానీ రెవిట్, లూమియన్ విండోస్‌లోనే నడుస్తాయి. త్రీడీ మోడళ్లకి వాడే ఇంకో సాఫ్ట్‌వేర్ త్రీడీఎస్ మ్యాక్స్ కూడా అంతే. ఆటోక్యాడ్‌కి మాక్ వెర్షన్ ఉంది, స్కెచప్‌కీ ఉంది. ఆ రెండిటి కోసం లక్ష పెట్టి, రెవిట్ క్లాసులో పక్కవాళ్ల తెర చూస్తూ కూర్చోవడం ఎందుకు?

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాం. అక్కడ ఏ షాపులో అడిగినా మొదట చూపించేది ప్రాసెసర్ స్టిక్కరే. "ఐ7 సార్, దీనికి తిరుగులేదు." స్టిక్కర్ కాదు, నంబరు చివరి అక్షరాలు చూడాలి. కోర్ అంటే ప్రాసెసర్‌లో పని చేసే ఒక్కో భాగం. ఐ7-1355యూ లోనూ పది కోర్లే, ఐ5-13450హెచ్‌ఎక్స్ లోనూ పది కోర్లే. కానీ మొదటిదాంట్లో గట్టి కోర్లు రెండే, రెండోదాంట్లో ఆరు. ఐ5 అని చిన్నచూపు చూడక్కర్లేదు. స్కెచప్‌లో మోడల్ తిప్పుతుంటే, రెవిట్‌లో వ్యూ మారుస్తుంటే పని చాలావరకు ఒక కోర్ మీదే పడుతుంది. అందుకని కోర్ల లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ కోర్లు ఎంత గట్టివో కూడా చూడాలి.

గ్రాఫిక్స్ కార్డు పేరు ఒక్కటే చూసినా తేలదు. ఆర్‌టీఎక్స్ 4050ని కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా రకరకాలుగా బిగిస్తాయి. పేరు ఒకటే, జోరు వేరు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే ఎన్ని వాట్లదో తెలుస్తుంది. షాపులోనే తీయించి చూశాను, కుర్రాడు కాస్త విసుక్కున్నాడు లెండి. వీడియో మెమరీ 6 జీబీకి తక్కువ తీసుకోవద్దు. లూమియన్‌లో నాలుగు చెట్లు, కాస్త గడ్డి పరిచారంటే 4 జీబీ ఏ మూలకి?

అందరూ వదిలేసేది తెర. ఒక షాపులో రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కనే పెట్టించి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన ఇటుక గోడ రెండర్ రెండింట్లోనూ తెరిచాను. ఒకదాంట్లో ఇటుక ఇటుకలా ఉంది. రెండోదాంట్లో వెలిసిపోయిన నారింజ రంగు. ఆ రెండోదాని వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర ఎన్ని రంగులు చూపిస్తుందో చెప్పే ఒక కొలత) అని ఉంది. అంటే కంప్యూటర్లలో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో దాదాపు మూడో వంతు చూపించడం దాని తెరకి చేతకాదు. ఆ తెర చూసి రంగులు దిద్దిన షీటు, ప్లాటర్ (పెద్ద షీట్ల ప్రింటరు) మీంచి వచ్చాక జ్యూరీలో, అంటే మార్కులేసే వాళ్ల ముందు, ఇంకోలా కనబడుతుంది. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని రాసి ఉంటేనే ముట్టుకోండి.

చివరికి లెనోవో వాళ్ల గేమింగ్ ల్యాప్‌టాప్ ఎల్‌ఓక్యూ 15 తీసుకున్నాం. ఐ5-13450హెచ్‌ఎక్స్, 16 జీబీ ర్యామ్, 6 జీబీ 4050, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ తెర. ర్యామ్‌కి రెండు స్లాట్లు ఉండటం నాకు బాగా నచ్చింది. మూడో ఏడాదికి 32 చేసుకోవచ్చు, ముందే డబ్బు పోయక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు నిండాయో అక్కడే కనిపిస్తుంది.

గేమింగ్ ల్యాప్‌టాప్ అన్నాక బరువు తప్పదు. ఇది 2.4 కిలోలు, దానికి తోడు ఇటుక లాంటి చార్జరు. మెట్రోలో నిలబడి వెళ్లే పిల్లకి అది చిన్న సంగతి కాదు. రెండర్ పెడితే ఫ్యాను చప్పుడుకి హాస్టల్ గదిలో పడుకున్నవాళ్లు లేస్తారు. బ్యాటరీ మీద రెండర్ పెట్టాలనే ఆలోచనే వద్దు, కార్డు సగం జోరు కూడా చూపించదు. స్టూడియోలో ప్లగ్ పక్కన చోటు పట్టుకోవాల్సిందే. ఇంత పెద్ద బండ వద్దనుకునే వాళ్లు, పనంతా ఆటోక్యాడ్, ఫొటోషాప్ వరకే అయితే, సన్నని ల్యాప్‌టాప్‌తో హాయిగా గడిపేయొచ్చు.

తెచ్చుకున్నాక ఒక సెట్టింగ్ మార్చాలి. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో స్కెచప్‌కీ రెవిట్‌కీ 'హై పెర్‌ఫార్మెన్స్' పెట్టండి. లేకపోతే ఒక్కోసారి అవి ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ మీదే నడుస్తుంటాయి, కొన్న కార్డు ఖాళీగా కూర్చుంటుంది.

బిల్లు రాస్తూ కౌంటర్ మీది అతను, "సాఫ్ట్‌వేర్లన్నీ వేసిస్తా సార్, అయిదొందలు ఇవ్వండి" అన్నాడు. వేయించుకోకండి. ఆటోడెస్క్ విద్యార్థులకి ఆటోక్యాడ్, రెవిట్, మ్యాక్స్ ఉచితంగానే ఇస్తుంది. చదువుతున్నట్టు కాలేజీ ఆధారం చూపించాలి, ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి. ఆ లైసెన్సు చదువుకే, సంపాదనకి కాదు. బావ అప్పుడే అడిగాడు, "నీ ప్లాన్లు కూడా దాంట్లోనే గీసుకోరాదూ" అని. కుదరదన్నాను.